గుండె గోడ మీది సెన్సర్‌ను ఒక్క ప్రశ్నే అడుగుదాం

మా డిపార్ట్‌మెంట్ జర్నల్ క్లబ్‌లో ఈమధ్య ఒక పీజీ డాక్టర్ మంచి విషయం ఎంచుకున్నాడు. గుండె ఆపరేషన్ చేస్తున్నప్పుడే గుండె బయటి గోడకు చిన్న మోషన్ సెన్సర్ ఒకటి కుట్టేసి, తర్వాత ఐసీయూలో కూడా కొన్నాళ్లు ఆ గోడ ఎలా కదులుతోందో చూస్తూ ఉండటం. నార్వేలోని ఓస్లో యూనివర్సిటీ హాస్పిటల్ బృందం ఏళ్ల తరబడి దీని మీద పనిచేస్తోంది. ఆ పేపర్లన్నీ శ్రద్ధగా చదువుకొచ్చి చెప్పాడు. ముగించేటప్పుడు ఒక మాటన్నాడు: “ఇది వస్తే పేషెంట్‌కి ఇరవై నాలుగ్గంటలూ ఎకో నడుస్తున్నట్టే కదా మేడమ్.” ఎకో అంటే అల్ట్రాసౌండ్‌తో గుండెను తెర మీద చూడటం. గదిలో చాలామంది తలూపారు.

నేను ఊపలేకపోయాను. గుండె ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం, ఆ తర్వాత రాత్రుళ్లు ఐసీయూలో ఆ పేషెంట్లను కనిపెట్టుకుని ఉండటం నా పని. ఈ సెన్సర్ మా మంచాల దగ్గరికి రావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనూ ఒకదాన్ని. కానీ దాన్ని ‘ఆగని ఎకో’ అనుకుని వాడటం మొదలుపెడితే, చేతికొచ్చిన మంచి పరికరాన్ని మనమే పాడుచేసుకుంటామని నా భయం. దాన్ని అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: నిన్ను కుట్టిన చోట కండరానికి రక్తం అందడం ఇప్పుడే తగ్గిందా? గుండె మొత్తం ఎలా పనిచేస్తోందని అడిగామా, అది తనకు తెలియని దానికి కూడా జవాబు చెబుతుంది. మనం ఆ జవాబు నమ్మి మందులు మారుస్తాం.

బైపాస్ తర్వాత మొదటి రాత్రి

బైపాస్ అయిన మనిషి ఐసీయూకి వచ్చాక మొదటి గంటల్లోనే గ్రాఫ్ట్, అంటే మూసుకుపోయిన చోటును దాటించి కుట్టిన నాళం, దెబ్బతినవచ్చు. మెలిపడొచ్చు, బిగుసుకుపోవచ్చు, లోపల గడ్డకట్టొచ్చు. తరచుగా జరిగేది కాదు. జరిగితే మాత్రం నిమిషాల లెక్కన కండరం పోతుంది. రైమర్, జెన్నింగ్స్ బృందం కుక్కల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 1977లో వచ్చాయి. గుండె రక్తనాళాన్ని 40 నిమిషాలు మూసి తెరిస్తే, ఆ నాళం మీద ఆధారపడ్డ కండరంలో సుమారు 38 శాతం చచ్చిపోయింది. మూడు గంటలు మూస్తే 57 శాతం, ఆరు గంటలైతే 71 శాతం. చావు లోపలి పొరలో మొదలై బయటి పొర వైపు పాకుతుంది. మనుషుల్లో అంకెలు వేరుగా ఉంటాయి, ఒక్కొక్కరికి పక్కదారి రక్తనాళాలు ఒక్కోలా ఉంటాయి. అయినా మొదటి గంట విలువ ఏమిటో ఆ మూడు అంకెలు చూస్తే చాలు.

బయట తిరిగే మనిషికి ఇలా జరిగితే ఛాతీ పట్టుకుని నొప్పి అంటాడు. మా పేషెంట్ మత్తులో, వెంటిలేటర్ మీద ఉంటాడు. ఈసీజీ చూద్దామంటే, ఆపరేషన్‌లో గుండెను, దాని చుట్టూ ఉన్న పొరను కదిలించినందుకే రక్తం తగ్గిందని చెప్పాల్సిన ఎస్‌టీ సెగ్మెంట్ అనే గీత భాగం మారిపోయి ఉంటుంది. పేసింగ్ పెట్టి, అంటే బయటి కరెంటుతో గుండెను కొట్టిస్తూ, ఉంటే దాన్ని చదవడం ఇంకా కష్టం. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ అంటారా, కత్తి పెట్టిన గుండెలో అది ఎలాగూ పెరుగుతుంది. ఎంత పెరిగితే ఎక్కువ అన్నదాని మీద వాదనలున్నాయి, పైగా రిపోర్ట్ వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఇక బీపీ పడిందంటే కారణాలు చాలా: రక్తం పోతుండొచ్చు, గుండె చుట్టూ రక్తం చేరి నొక్కుతుండొచ్చు, రక్తనాళాలు వదులై ఉండొచ్చు, ఆపి మళ్లీ నడిపించిన గుండె ఇంకా తేరుకోకపోయి ఉండొచ్చు.

ఒక రాత్రి నాకిప్పటికీ గుర్తే. అరవై దాటిన మనిషి. సర్జరీ చక్కగా జరిగింది, గ్రాఫ్టులన్నీ బాగున్నాయని సర్జన్ చెప్పి వెళ్లారు. అర్ధరాత్రి దాటాక బీపీ నిలబెట్టే నార్‌అడ్రినలిన్ డోసు కొంచెం కొంచెంగా పెంచాల్సి వచ్చింది. “బీపీ నిలబడట్లేదు మేడమ్, యూరిన్ కూడా తగ్గింది” అంది సిస్టర్. డ్రెయిన్ బాటిల్‌లో కొత్తగా రక్తం లేదు. ఎస్‌టీ వచ్చినప్పటినుంచీ కాస్త పైకే ఉంది. ఇప్పుడు ఇంకాస్త పైకి లేచిందా అని సాయంత్రం తీసిన స్ట్రిప్‌ను పక్కన పెట్టుకుని చూశాం. నేను లేచిందన్నాను, జూనియర్ లేదన్నాడు. ఫ్లూయిడ్ ఇస్తే బీపీ కాసేపు లేచి మళ్లీ పడింది. ఎకో ప్రోబ్ పెట్టాం. ఛాతీ మధ్యలో పొడవునా కట్టు, పక్కటెముకల కింద డ్రెయిన్లు, వెంటిలేటర్ గాలి నింపినప్పుడల్లా గుండెకు అడ్డం వచ్చే ఊపిరితిత్తి. తెర మీద బూడిదరంగు మసక తప్ప ఏమీ లేదు. అన్నవాహికలోంచి ఎకో చూసే టీఈఈ ప్రోబ్ అప్పటికి థియేటర్‌లో ఇంకో ఎమర్జెన్సీ కేసులో ఉంది. అది వచ్చి, గొంతులోంచి దించి చూస్తే గుండె ముందు గోడ, కొన రెండూ దాదాపు కదలడం లేదు. గుండె నాళాల్లోకి రంగు పంపి చూసే క్యాథ్ ల్యాబ్‌కి తీసుకెళ్తే, ముందు గోడకు రక్తం ఇచ్చే ఎల్ఏడీ నాళానికి కుట్టిన గ్రాఫ్ట్ మెలిపడి ఉంది.

సరిచేశారు. మనిషి బతికాడు, ఇంటికి వెళ్లాడు. గుండె కొట్టుకున్నప్పుడల్లా తనలోని రక్తంలో ఎంత శాతం బయటికి పంపుతుందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ మాత్రం ఆపరేషన్‌కి ముందున్న దానికన్నా బాగా తగ్గి అక్కడే నిలిచిపోయింది. ఒక అంతస్తు ఎక్కాలంటే మధ్యలో ఆగుతున్నారని ఫాలోఅప్‌కి వచ్చినప్పుడు వాళ్లమ్మాయి చెప్పింది. ఆ రాత్రి ఎవరూ నిద్రపోలేదు, ఎవరూ ఏదీ వదిలేయలేదు. ఒకటి చూశాక ఇంకొకటి చూడాల్సి రావడంలోనే టైమ్ గడిచిపోయింది. ఈ సెన్సర్ గురించి ఎప్పుడు చదివినా నాకు ఆ మనిషే గుర్తొస్తాడు.

గోడకు ముందే తెలుస్తుంది

రక్తం ఆగిన గుండె కండరం ఏం చేస్తుందో 1935లోనే టెన్నంట్, విగర్స్ చూపించారు. నాళం మూసిన నిమిషంలోపే ఆ ప్రాంతం కుంచించుకోవడం మానేస్తుంది. మిగతా గుండె బిగుసుకుంటుంటే ఇది బయటికి ఉబ్బుతుంది. ఈసీజీ మార్పులు, నొప్పి ఆ తర్వాత వస్తాయి. అంటే ముందుగా చెడేది కదలిక. మేం ఐసీయూలో నిరంతరం చూసేది మాత్రం ఈసీజీ, బీపీ. ముందు మారేదాన్ని వదిలి, తర్వాత మారేవాటి దగ్గర కూర్చుని కాపలా కాస్తున్నాం.

ఓస్లో వాళ్లు పట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. సెల్‌ఫోన్ అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా, దానికి కారణమైన యాక్సిలరోమీటర్ లాంటిదే ఇదీ. సిలికాన్‌లో చెక్కిన అతి సన్నని స్ప్రింగుల మీద చిన్న ముద్ద ఒకటి వేలాడుతుంటుంది. అది ఎటు ఊగితే అటు కరెంటు సిగ్నల్ మారుతుంది. మూడు దిశల్లోనూ కొలిచే అలాంటి సెన్సర్‌ను గుండె గోడకు కుట్టి, రక్తం తగ్గడాన్ని త్వరగా పట్టుకోవచ్చని 2005లో వాళ్లు పేపర్ రాశారు. తర్వాత పందుల్లో చూశారు, ఆపైన సర్జరీ పేషెంట్లలోనూ చూశారు. గుండె ఆపకుండా చేసే బైపాస్‌లో గ్రాఫ్ట్ కుట్టడానికి ఎల్ఏడీని కొద్దిసేపు ఎలాగూ మూయాల్సి వస్తుంది. రక్తం ఆగితే సెన్సర్ ఏం చెబుతుందో మనిషిలోనే చూసే అవకాశం అలా దొరికింది.

ఆ సిగ్నల్ చూడటం నాకు చాలా ఇష్టం. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వేగం గీత ఒకటి పైకి లేస్తుంది, అది గుండె కుంచించుకుంటున్నప్పుడు. నాళం మూసుకోగానే ఆ శిఖరం కొట్టుకున్న ప్రతిసారీ ఇంకాస్త పొట్టిదవుతుంది. దాంతోపాటు, కుంచించుకోవాల్సిన సమయం అయిపోయాక, గుండె వదులవ్వాల్సిన వేళలో కొత్తగా చిన్న శిఖరం మొలుస్తుంది. ఉబ్బిన కండరం ఆలస్యంగా వెనక్కి రావడం వల్ల వచ్చేది అది. ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరగడం, రెండూ కలిసి రావడం వేరే కారణాలతో అంత సులువుగా కనబడదు. ‘ఒక్క ప్రశ్న’ అని నేను పట్టుపట్టేది అందుకే. ఈ ప్రశ్నకు మాత్రం సెన్సర్ దగ్గర గట్టి ఆధారం ఉంది.

అనుమానాలు

మిగతా ప్రశ్నలకు అంత గట్టి ఆధారం లేదు. ముందు భూమ్యాకర్షణ సంగతి. యాక్సిలరోమీటర్‌కి కదలికకూ, ఆకర్షణకూ తేడా తెలియదు. గుండె కొట్టుకునేటప్పుడు మెలితిరుగుతుంది. దానితోపాటు సెన్సరూ వాలుతుంది. వాలిన మేరకు ఆ ఆకర్షణలో ఒక భాగం కొలతలో కలిసిపోతుంది. ఆ త్వరణం నుంచి లెక్కగట్టి వేగం, దూరం తీస్తుంటే చిన్న తప్పు పెద్దదవుతుంది. పేషెంట్‌ను పక్కకి తిప్పినా, మంచం తల వైపు ఎత్తినా సిగ్నల్ మారిపోతుంది. తిరగడాన్ని కొలిచే గైరోస్కోప్ కూడా జోడిస్తే దీన్ని చాలావరకు సరిదిద్దొచ్చు, ఆ పని జరుగుతోంది కూడా. పేసింగ్ పెడితే గుండె కుంచించుకునే వరస మారి గోడ కదలిక వేరేగా ఉంటుంది. ఫ్లూయిడ్ ఇచ్చినా, అడ్రినలిన్ పెంచినా, వెంటిలేటర్ ఊపిరి పోసినా ఎంతోకొంత మారుతుంది. ఈ పేషెంట్ సెన్సర్ అంకె ఆ పేషెంట్‌ అంకెతో పోల్చేది కాదు. సెన్సర్ ఏ కోణంలో కుట్టారన్నదే దాన్ని మార్చేస్తుంది. ఒకే మనిషిలో కొన్ని నిమిషాల కిందటి గీతకూ ఇప్పటి గీతకూ ఉన్న తేడానే నమ్మదగ్గది.

ఇంకో అనుమానాన్ని నాతో పనిచేసే సర్జన్ ఒకరు లేవనెత్తారు. “మీరు దాన్ని ఎల్ఏడీ ప్రాంతంలో కుట్టమంటున్నారు. కానీ రొమ్ము ధమనితో వేసే ఎల్ఏడీ గ్రాఫ్ట్ బాగా నిలబడుతుంది. ముందుగా మూసుకుపోయేవి కాలి సిరతో వేసినవి. అవి వెళ్లేది పక్క గోడకి, వెనక గోడకి. మరి మీ సెన్సర్ ఏం చూస్తుంది?” అని. ఆయన అన్నది నిజం. సెన్సర్ అంటే గోడ మీద పెట్టిన ఒక్క వేలు లాంటిది. ఆ గోడ కబురు తప్ప దానికి ఇంకోటి తెలియదు. వెనక గోడ ఆగిపోయి, ముందు గోడ దాని పని కూడా చేస్తుంటే సెన్సర్ అంతా బాగున్నట్టే చూపొచ్చు. రెండు మూడు చోట్ల కుట్టొచ్చు, కానీ ఎన్ని కుడితే అన్ని వైర్లు, అన్ని కుట్లు, తీసేటప్పుడు అన్ని ప్రమాదాలు. దీని మీద నేనింకా ఒక నిర్ణయానికి రాలేదు. ఎల్ఏడీ ప్రాంతం పోతే గుండెలో పెద్ద ముక్క పోతుంది కాబట్టి మొదటి సెన్సర్ అక్కడే ఉండాలంటాను. రెండోది సిర గ్రాఫ్ట్ వెళ్లే చోట పెట్టాలంటే ఎవరికి పెట్టాలో సర్జన్ ఆ టేబుల్ మీదే నిర్ణయించాలి.

ఈ అనుమానాల వల్ల సెన్సర్ వద్దని నేననను. ‘ఆగని ఎకో’ అన్న మాటనే వద్దంటాను. ఎకో చూసినప్పుడు నాలుగు గోడలూ, కవాటాలూ, గుండె చుట్టూ నీరూ కనబడతాయి. ఒక చోట కదలిక తెలిసినంత మాత్రాన అవేవీ తెలిసినట్టు కాదు.

ఇదే పొరపాటు ఇదివరకు జరిగింది

1970లో స్వాన్, గాంజ్ బృందం బెలూన్ ఉన్న క్యాథెటర్‌ను పరిచయం చేసింది. సిరలోంచి తోస్తే రక్తప్రవాహమే దాన్ని ఊపిరితిత్తుల ధమనిలోకి తీసుకెళ్తుంది. ఒత్తిళ్లు, గుండె పంప్ చేసే రక్తం అన్నీ మంచం దగ్గరే అంకెల్లో కనబడటం మొదలైంది. అది గొప్ప ఆలోచన, ఇప్పటికీ కొన్ని కేసుల్లో నాకు అది కావాల్సిందే. కానీ ఐసీయూల్లో అది వీలైనంతమందికి వేసే వస్తువైపోయింది. ఆ అంకెలు చూసి ఏం చేయాలన్నది ఒక్కొక్కరు ఒక్కోలా అనుకున్నారు. 1996లో కానర్స్ బృందం 5,735 మంది పేషెంట్ల వివరాలు చూస్తే ఆ క్యాథెటర్ వేసినవాళ్లలో మరణాలు ఎక్కువగా కనబడ్డాయి. జబ్బు ఎక్కువున్నవాళ్లకే వేశారేమో అన్న అనుమానం సహజం. అందుకే లాటరీ పద్ధతిలో పేషెంట్లను విడదీసిన ట్రయల్స్ చేశారు. 2005లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ ట్రయల్‌లో, బ్రిటన్ ఐసీయూల్లోని 1,041 మందిలో, క్యాథెటర్ వల్ల ప్రాణాలు ఎక్కువ నిలబడలేదు, ఎక్కువ పోలేదు కూడా.

దీన్ని చూపించి, మన సెన్సర్ కూడా అంతే అనేవాళ్లున్నారు. కొలిచినంత మాత్రాన మేలు జరగదంటారు. నేను వాళ్లకు చూపించేది ఆ ధమనిలోనే పెట్టే ఇంకో వస్తువు, కార్డియోమెమ్స్. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లకు ఊపిరితిత్తుల ధమనిలో శాశ్వతంగా ఉంచే చిన్న ప్రెజర్ సెన్సర్ అది. ఇంట్లో పడుకునే చదివి పంపొచ్చు. 2011లో వచ్చిన ఛాంపియన్ ట్రయల్‌లో, 550 మంది మీద, ఆ ఒత్తిడి చూసి మందులు మార్చినవాళ్లు హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రిలో చేరడం తగ్గింది. కొలిచింది అదే ధమని ఒత్తిడి. ఒకచోట మేలు జరిగింది, ఒకచోట జరగలేదు. పేషెంట్లు వేరు, పరిస్థితులు వేరు, రెంటినీ పక్కపక్కన పెట్టడానికి హద్దులున్నాయి, ఒప్పుకుంటాను. అయినా ఒక తేడా నాకు బాగా కనబడుతుంది. కార్డియోమెమ్స్‌లో ఒత్తిడి ఇంత దాటితే నీరు పోయే మందు పెంచాలని, ఇంతకన్నా తగ్గితే తగ్గించాలని ముందే రాసుకున్నారు. స్వాన్ గాంజ్‌లో అంకె ముందొచ్చింది, దానితో ఏం చేయాలో తర్వాత వెతుక్కున్నారు.

గుండె గోడ సెన్సర్‌కి స్వాన్ గాంజ్ గతి పట్టకూడదు. మానిటర్ మీద దానికి ‘కార్డియాక్ ఫంక్షన్: 72’ లాంటి ఒక అంకె ఇచ్చారనుకోండి. రాత్రి డ్యూటీలో అది 64 అవుతుంది. జూనియర్ గుండెను బలంగా కొట్టించే ఇనోట్రోప్ మందు పెంచుతాడు. 70 అవుతుంది. అందరం సంతోషిస్తాం. గుండె ఆక్సిజన్ ఖర్చు పెరిగింది తప్ప పేషెంట్‌కి ఒరిగిందేమిటో ఎవరికీ తెలియదు. పోనీ 64 అయింది పేషెంట్‌ను పక్కకి తిప్పినందుకేమో.

అలారం మోగితే ఎవరు ఏం చేయాలి

నా ఊహలోని సెన్సర్‌కి తెర మీద అంకె ఉండదు, అలారం ఒక్కటే ఉంటుంది. పేషెంట్ కదలకుండా ఉన్నప్పుడు శిఖరం తగ్గి, ఆలస్యపు శిఖరం పెరిగి, ఆ రెండూ కొన్ని నిమిషాలు నిలబడితేనే అది మోగాలి. ఐసీయూలో ఇప్పటికే మోగేవి ఎన్నో ఉన్నాయి, సగం వాటిని చేతులు వాటంతటవే ఆపేస్తుంటాయి. వాటిలో ఇంకొకటి కలిసేట్టైతే వద్దే వద్దు. ఇది మోగిందంటే తర్వాత మెట్టు ఏమిటో ఐసీయూ గోడ మీద రాసి ఉండాలి: వెంటనే టీఈఈ, సర్జన్‌కి ఫోన్, గోడ ఆగినట్టు తేలితే క్యాథ్ ల్యాబ్ లేదా థియేటర్. క్యాథ్ ల్యాబ్ రాత్రిపూట నడవని చోట ఈ సెన్సర్ పెట్టడంలో నాకు అర్థం కనబడదు. తెలిసి కూడా ఏమీ చేయలేని చోట ముందే తెలిసి లాభమేమిటి?

పెట్టడం, తీయడం గురించి కూడా చెప్పాలి. గుండె ఆపరేషన్ చివర్లో చాలామందికి తాత్కాలిక పేసింగ్ వైర్లు గుండె మీద ఎలాగూ కుడతారు. అవి చర్మంలోంచి బయటికి వస్తాయి, కొన్ని రోజులయ్యాక మెల్లగా లాగేస్తాం. లాగాక కాసేపు బీపీ చూస్తూ కూర్చుంటాం, ఎందుకంటే అరుదుగా ఆ చిన్న రంధ్రం నుంచి రక్తం కారి గుండె చుట్టూ చేరుతుంది. ఈ సెన్సర్‌ను అదే వైరులో కలిపేయాలన్న ఆలోచన ఓస్లో బృందానిదే, నాకు అన్నిటికన్నా నచ్చింది కూడా అదే. పేసింగ్ వైరు వేయాల్సినవాళ్లకు అదనంగా కుట్టు అక్కర్లేదు. పేసింగ్ వైరు అవసరం లేని పేషెంట్‌కి ఒక్క సెన్సర్ కోసమే వైరు వేయాలంటే నేను ఒప్పుకోవడం కష్టం.

శాశ్వతంగా ఉంచేవాటిలో ఇలాంటిది ఇప్పటికే ఉంది. పేస్‌మేకర్ లీడ్ కొనలో గుండె ప్రకంపనలు కొలిచే సోన్‌ఆర్ సెన్సర్ అది. రెండు జఠరికలనూ కలిపి నడిపించే పేసింగ్‌లో టైమింగ్ సర్దడం దాని పని. 2017లో వచ్చిన రెస్పాండ్ సీఆర్‌టీ ట్రయల్‌లో ఎకో చూసి సర్దడానికి అది తీసిపోదని తేలింది. దానికీ ఒక్కటే ప్రశ్న: ఏ టైమింగ్‌లో గుండె బలంగా కొడుతోంది? పేషెంట్ గుండె ఎంత బాగుందో చెప్పమని దాన్ని ఎవరూ అడగలేదు. అందుకే అది నిలబడిందని నాకనిపిస్తుంది.

ఇప్పుడు కావాల్సింది ట్రయల్. గ్రాఫ్ట్ మూసుకుపోవడం అరుదు కాబట్టి, మరణాల్లో తేడా చూపాలంటే వేలమంది కావాలి, అంతమందిని చేర్చడం ఏ బృందానికైనా కష్టమే. అంతదాకా ఆగక్కర్లేదు. కొలవాల్సింది టైమ్. పేషెంట్లందరికీ సెన్సర్ ఉంచి, సగంమందిలో అలారం మోగనివ్వాలి, మిగతా సగంలో మోగనివ్వకుండా రికార్డు మాత్రం చేయాలి. తెలిసి ఊరుకోవడం తప్పు కాదా అని ఎథిక్స్ కమిటీ అడుగుతుంది, అడగాలి కూడా. అలారం నిజమైనదో కాదో ఇంకా ఎవరికీ తెలియనప్పుడే ఈ ట్రయల్ చేయడం న్యాయం, నమ్మకం కుదిరాక చేయలేం. అందుకే తొందరపడాలి. గోడ ఆగినప్పటి నుంచి నాళం తెరుచుకునేదాకా ఎన్ని నిమిషాలు పట్టిందో రెండు వైపులా రాయాలి. పనికిరాని అలారం ఒక్కో రాత్రికి ఎన్నిసార్లు మోగిందో, దానివల్ల ఎంతమందికి అనవసరంగా టీఈఈ చేశారో కూడా అదే కాగితం మీద, అదే సైజు అక్షరాల్లో రాయాలి.